క్రోకస్ రకాల్లో మీ పెరటికి ఏది సరిపోతుంది? మొదటిసారి నాటేవారికి

న్యూజెర్సీ, షికాగో, మిషిగన్ వైపు ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ల పెరట్లో మొదటి ఏడాది కనిపించేవి టమాటా, బెండ, గోంగూర, సొరపాదు. అక్టోబరులో చలి ముదిరి మంచు పట్టగానే అవన్నీ వాడిపోతాయి. ఇక వసంతం దాకా పెరట్లో చూడటానికి ఏమీ ఉండదనుకుని చాలామంది తలుపు వేసేసుకుంటారు. నిజానికి ఆ అక్టోబరులోనే ఒక పూట పని చేస్తే మార్చిలో, మూలల్లో మంచు కుప్పలు ఇంకా కరగకముందే, నేల మీద ఊదా, తెలుపు, పసుపు పూలు విచ్చుకుంటాయి. అదే క్రోకస్. నాటడం తేలిక, ఎరువు పెద్దగా అడగదు, కుదురుకుంటే ఏటా తనంతట తానే వస్తుంది. చలి దేశంలో పూల తోట మొదలుపెట్టేవారికి నేను ముందుగా చెప్పే మొక్క ఇదే.

తికమకంతా కొనే దగ్గరే. స్టోర్‌లో ఒక సంచి మీద 'స్నో క్రోకస్' అని, ఇంకోదాని మీద 'జెయింట్ డచ్' అని, మూడోదాని మీద 'శాఫ్రన్ క్రోకస్' అని ఉంటుంది. నాలుగోదాని మీద 'ఆటమ్ క్రోకస్' అని రాసి ఉంటుంది, కానీ లోపల ఉన్నది క్రోకసే కాకపోవచ్చు. బొమ్మలన్నీ ఒకలాగే ఉంటాయి. కొత్తవాళ్లు అడిగే ప్రశ్న కూడా ఒకటే: "మా చలికి తట్టుకుంటుందా?" వసంతంలో పూసే రకాలకు అది సరైన ప్రశ్నే. కుంకుమపువ్వు ఇచ్చే రకానికి మాత్రం ముందు అడగాల్సింది వేరు: మా వేసవికి తట్టుకుంటుందా? ఈ రెండు ప్రశ్నలూ వేసుకుంటే సగం ఎంపిక అక్కడే తేలిపోతుంది.

కారణం ఈ మొక్క బతికే తీరులో ఉంది. క్రోకస్ సొంత నేల మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాలు, దక్షిణ, మధ్య ఐరోపా, అక్కడి నుంచి ఆసియా లోపలి దాకా. వానలూ చలీ ఉన్న నెలల్లో పెరిగి, ఎండలు ముదిరేసరికి ఆకులన్నీ ఎండిపోయి, వేసవంతా మట్టిలో దుంపగా నిద్రపోతుంది. ఆ నిద్ర సమయంలో దాని చుట్టూ తడి నిలిస్తే కుళ్లిపోతుంది. రకాన్ని బట్టి ఆ తడిని ఓర్చుకునే శక్తి మారుతుంది.

చిన్న పువ్వా, పెద్ద పువ్వా?

వసంతంలో పూసేవాటిలో రెండు గుంపులు. స్నో క్రోకస్ అనేవి చిన్నవి, మూడు నాలుగు అంగుళాల ఎత్తు, అన్నిటికన్నా ముందు పూస్తాయి. జెయింట్ డచ్ అనేవి ఆల్ప్స్ పర్వతాల పచ్చికల్లో పెరిగే క్రోకస్ వెర్నస్ నుంచి తయారైనవి. ఎత్తు నాలుగు నుంచి ఆరు అంగుళాలు, పువ్వు బాగా పెద్దది, పూత సుమారు రెండు వారాలు ఆలస్యం.

సంచి చేతిలోకి తీసుకోగానే ఎవరి చూపైనా పెద్ద పువ్వు మీదికే పోతుంది. 'పిక్‌విక్' అనే రకంలో తెల్లటి రేకుల మీద ఊదా చారలుంటాయి, 'జాన్ దార్క్' మచ్చలేని తెలుపు, 'రిమెంబ్రెన్స్' నిగనిగలాడే ఊదా. వీధిలోంచి కనిపించాలన్నా, ఇంటి ముందు మెట్ల పక్కన ఒక వరస పెట్టాలన్నా, కుండీలో వేయాలన్నా ఇవే బాగుంటాయి. దుంప పెద్దది కాబట్టి మొదటి ఏడాదే ఒక్కోదాని నుంచి రెండు మూడు పూలు రావచ్చు.

అయినా మొదటిసారి నాటేవారికి నేను సూచించేది చిన్నవాటినే. అందులోనూ క్రోకస్ టొమాసినియానస్‌ని. ఇప్పటి ఇటలీలోని ట్రియెస్ట్ నగరానికి మేయరుగా చేసిన వృక్షశాస్త్రవేత్త ముజియో టొమాసినీ పేరు దీనికి పెట్టారు. ఇంగ్లిష్ తోటమాలులు ముద్దుగా 'టామీలు' అంటారు. మూసి ఉన్నప్పుడు వెలిసిపోయిన బూడిద ఊదా రంగులో, ఉన్నాయా లేవా అన్నట్టు ఉంటాయి. ఎండ తగలగానే ఆరు రేకులూ విప్పుకుని మధ్యలో నారింజ రంగు చూపిస్తాయి. వాటి గొప్పతనం ఆ తర్వాతి ఏళ్లలో తెలుస్తుంది. దుంపల ద్వారానూ పెరుగుతాయి, గింజలు రాలి కూడా మొలుస్తాయి. 50 దుంపలు పెట్టిన చోట కొన్నేళ్లకు మీరు లెక్కపెట్టలేనన్ని ఉంటాయి. వేసవిలో కాస్త తడి తగిలినా డచ్ రకాలంత త్వరగా నీరసించవు. ముదురు రంగు కావాలంటే 'బార్స్ పర్పుల్', 'రూబీ జెయింట్' ఉన్నాయి. ఎంత 'జెయింట్' అని పేరున్నా అది కూడా చిన్న పువ్వే, కొనేటప్పుడు ఆశపడకండి.

స్నో క్రోకస్‌లలోనే రెండో రకం క్రిసాంథస్. పసుపు, మీగడ, లేత నీలం రంగులు ఇందులో దొరుకుతాయి. 'క్రీమ్ బ్యూటీ', 'బ్లూ పెర్ల్' సులువుగా దొరికే పేర్లు. దగ్గరికి వంగితే తేనె వాసన వస్తుంది. లండన్ ఉత్తర శివార్లలోని మిడెల్టన్ హౌస్‌లో ఉండి క్రోకస్‌ల మీదే జీవితంలో పెద్ద భాగం గడిపిన ఇ.ఎ. బౌల్స్ ఈ రకాల్లో ఎన్నో పెంచి ఎంపిక చేశాడు. ఆయన పేరుతోనే ఒక పసుపు రకం ఇప్పటికీ ఉంది. రంగుల మీద మనసున్నవారికి టామీల కన్నా ఇవే నచ్చుతాయి. గింజలతో విస్తరించడంలో మాత్రం టామీలంత జోరు ఉండదు.

ఈ మూడింటినీ కలిపిన 'మిక్స్' సంచులు తీసుకోవద్దని నా సలహా. చిన్నవి పూసినప్పుడు పెద్దవి ఇంకా మొగ్గలోనే ఉంటాయి, పెద్దవి పూసేసరికి చిన్నవి వాడిపోతాయి. ఏ రోజు చూసినా సగం మడి ఖాళీగా కనిపిస్తుంది. ఒకే రకం 50 దుంపలు ఒకే చోట గుంపుగా పెడితే వచ్చే అందం, అయిదు రకాలు పదేసి చల్లితే రాదు.

పూలమడిలోనా, లాన్‌లోనా?

పచ్చగడ్డిలో అక్కడక్కడా పూసిన క్రోకస్‌ల ఫొటోలు చూసి అందరికీ లాన్‌లో పెట్టాలనిపిస్తుంది. పెట్టవచ్చు. కానీ ఒక షరతు ఉంది. పువ్వు వాడిపోయాక దాదాపు ఆరు వారాల పాటు ఆ సన్నటి, మధ్యలో తెల్ల గీత ఉన్న ఆకుల్ని కోయకూడదు. వచ్చే ఏటి పువ్వుకు కావాల్సిన ఆహారమంతా ఆ ఆకులే తయారుచేసి కొత్త దుంపలో దాస్తాయి. క్రోకస్‌లో పాత దుంప ఏటా ఎండిపోతుంది, దాని నెత్తిన కొత్తది పుడుతుంది. ఆకు ముందే కోసేస్తే ఆ కొత్త దుంప చిన్నగా మిగిలిపోతుంది, మరుసటి ఏడు ఆకులే వస్తాయి, పువ్వు రాదు.

ఇక్కడే ముందు పూసే రకానికి లాభం. మార్చి మొదట్లో పూసిన టామీల ఆకులు ఏప్రిల్ చివరికో, మే మొదటికో పసుపు తిరుగుతాయి. గడ్డి కోత మొదలయ్యేదీ ఇంచుమించు అప్పుడే కాబట్టి కాస్త ఓపిక పడితే సరిపోతుంది. రెండు వారాలు వెనకగా పూసే డచ్ రకాల కోసం మే నెల సగం దాకా గడ్డిని వదిలేయాలి. మీ కాలనీలో హెచ్.ఓ.ఏ. (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు గడ్డి పెరిగితే ఉత్తరాలు పంపే రకమైతే అది అనవసరమైన టెన్షన్. అలాంటి చోట ఇంటి ముందు లాన్‌ని వదిలేసి, వెనక పెరట్లో చెట్టు కింద ఒక భాగం కేటాయించండి. మేపుల్, ఓక్ లాంటి ఆకురాల్చే చెట్ల కింద క్రోకస్ చక్కగా పూస్తుంది, చెట్టుకు ఆకులు వచ్చేలోపే దాని పని సగానికి పైగా అయిపోతుంది. ఏడాదంతా నీడ ఉండే పైన్ చెట్ల కింద మాత్రం పెట్టవద్దు. లాన్‌కి కలుపు మందు కొట్టే కంపెనీతో ఒప్పందం ఉంటే, క్రోకస్ ఆకులు పచ్చగా ఉన్నంత కాలం ఆ భాగాన్ని వదిలేయమని ముందే చెప్పండి.

పూలమడిలో ఈ బాధలేవీ లేవు. మొదటి ఏడాది మడిలోనే పెట్టి, మొక్క తీరు తెలిశాక లాన్ సంగతి చూసుకోవడం మంచిది.

నాటే పద్ధతి

వసంతపు రకాలన్నిటికీ పద్ధతి ఒకటే. రాత్రులు చల్లబడి నేల వేడి 15 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గాక నాటాలి. అంటే మిషిగన్‌లో సెప్టెంబరు చివర, న్యూజెర్సీలో అక్టోబరు, వర్జీనియాలో అక్టోబరు చివరి నుంచి నవంబరు. నేల గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాల ముందు నాటితే వేర్లు బాగా పడతాయి. ఆలస్యమైతే మానేయకండి, మట్టిలోకి పార దిగినంత కాలం నాటవచ్చు. గరాజ్‌లో వదిలేసిన దుంప ఎలాగూ పాడవుతుంది.

లోతు మూడు నాలుగు అంగుళాలు, దుంపకూ దుంపకూ మధ్య రెండు మూడు అంగుళాలు. మొన ఉన్న వైపు పైకి. ఏది పైభాగమో తెలియకపోతే పక్కకు పడుకోబెట్టండి, మొలక తన దారి తాను వెతుక్కుంటుంది. ఒక్కో దుంపకు ఒక్కో గుంత తవ్వుతూ కూర్చోవద్దు. పళ్లెమంత వెడల్పున మట్టి తీసి, 15–20 దుంపలు అందులో పరిచి, మట్టి కప్పి, ఒకసారి బాగా నీళ్లు పోయండి. బంకమట్టి అయితే తీసిన మట్టిలో కంపోస్టు, సన్న కంకర కలపండి. వాన పడ్డ మర్నాడు కూడా నీళ్లు నిలిచి ఉండే చోటును ఏ మట్టి కలిపినా బాగుచేయలేం, వేరే చోటు చూసుకోండి.

ఉడతలు

అమెరికాలో క్రోకస్ పెట్టినవారందరి ఫిర్యాదూ ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ఉడతలకూ, చిప్‌మంక్‌లకూ క్రోకస్ దుంప ఇష్టమైన తిండి. కొత్తగా తవ్విన మట్టి కనిపిస్తే చాలు, వచ్చి తవ్వుతాయి. నాటేటప్పుడు ఊడిపడే గోధుమ రంగు పొట్టును మట్టి మీద వదిలితే, దాని వాసనే వాటిని పిలుస్తుంది. ఆ పొట్టంతా ఏరి చెత్తబుట్టలో వేయండి. ఎముకల పొడి ఎరువు వేయమని పాత సలహా ఒకటి ఉంది. దాని వాసనకు కుక్కలూ ఇతర జంతువులూ వచ్చి తవ్వుతాయి కాబట్టి అది అక్కర్లేదు.

నమ్మదగిన ఉపాయం కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వల. దుంపలు పరిచి మట్టి కప్పాక, వలను నేల మీద బల్లపరుపుగా వేసి, అంచులు మట్టిలోకి దూర్చి, పైన రెండంగుళాల మట్టో రాలిన ఆకులో కప్పండి. సన్నటి క్రోకస్ ఆకు ఒక అంగుళం కంతలోంచి సులువుగా బయటికి వస్తుంది. వల అక్కడే ఉంచేయవచ్చు. ఘాటు కారప్పొడి చల్లడం కూడా కొందరు చేస్తారు, వానకు కొట్టుకుపోతుంది కాబట్టి దాని మీద ఆధారపడలేం.

రకం ఎంపికలో కూడా దీనికి కొంత జవాబుంది. టామీలను ఉడతలు మిగతా క్రోకస్‌లంత ఇష్టంగా తినవని తోటమాలుల అనుభవం. అసలు ముట్టవని కాదు, నష్టం తక్కువ. నేను టామీలవైపు మొగ్గడానికి ఇది రెండో కారణం. మీ వీధిలో ఉడతల బెడద మరీ ఎక్కువైతే క్రోకస్ చుట్టూ డాఫోడిల్, స్నోడ్రాప్ దుంపలు పెట్టండి. అవి విషపూరితం కాబట్టి జంతువులు వాటి జోలికి పోవు. ఇంగ్లండ్‌లో ఉన్నవారికి ఇంకో సంగతి: అక్కడి పిచ్చుకలు పసుపు క్రోకస్ పూలను ముక్కుతో చీల్చేస్తుంటాయి. పిచ్చుకలు ఎక్కువగా తిరిగే చోట ఊదా రకాలు పెట్టుకోవడం మంచిది.

కుంకుమపువ్వు రకం: ఎవరు పెట్టాలి, ఎవరు వద్దు

మనవాళ్లకు అసలు ఆసక్తి దీని మీదే. క్రోకస్ సటైవస్ అక్టోబరు, నవంబరుల్లో పూస్తుంది. ఊదా రేకుల మధ్య మూడు పొడవాటి ఎర్రటి పోగులు, అవే కుంకుమపువ్వు. వసంతంలో పూసే క్రోకస్‌ల పోగులు దీనికి బదులు కావు, వాటిని వంటలో వాడకూడదు.

ఈ మొక్కకు గింజలు పట్టవు. మామూలుగా రెండేసి ఉండాల్సిన క్రోమోజోములు మూడేసి ఉన్న వంధ్య మొక్క కాబట్టి వేల ఏళ్లుగా మనుషులు దుంపలు విడదీసి నాటుతూనే దీన్ని నిలబెట్టారు. అందుకని ఆన్‌లైన్‌లో 'కుంకుమపువ్వు విత్తనాలు' అని అమ్మేది ఏదైనా సరే, అది కుంకుమపువ్వు కాదు. కుసుమ గింజలు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. దుంపలు అమ్మేవారి దగ్గర మాత్రమే కొనండి.

దుంపలోపల పువ్వు మొగ్గ తయారయ్యేది వేసవిలో, నేల 23 నుంచి 27 డిగ్రీల వేడిలో పొడిగా ఉన్నప్పుడు. తర్వాత వాతావరణం 15–17 డిగ్రీలకు దిగితే ఆ మొగ్గ పైకి లేస్తుంది. కశ్మీరులో పాంపోర్ చుట్టుపక్కల కరేవా మెట్టల మీద ఇది పండటానికి కారణం అదే. చలికాలపు మంచు ఎంత ముఖ్యమో, నీళ్లు నిలవని ఆ నేలలూ, మనవైపు కురిసినట్టు కుండపోత వర్షాలు లేని ఆ వేసవీ అంతే ముఖ్యం. కశ్మీరు కుంకుమపువ్వుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రపంచంలో పండే దానిలో అత్యధిక భాగం ఇరాన్‌దే, అక్కడా పొడి వేసవులే. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు దీని సాగుకు పేరుపడి, ఆ పేరే ఊరి పేరులో చేరిన శాఫ్రన్ వాల్డెన్ ఉన్నది కూడా ఆ దేశంలో వానలు తక్కువ పడే తూర్పు వైపే.

అమెరికా వ్యవసాయ శాఖ జోన్ పటం చూసి 'మాది జోన్ 6, సరిపోతుంది' అనుకోవడంలో ఉన్న లోపం ఇదే. ఆ పటం చలికాలంలో ఎంత కనిష్ఠానికి దిగుతుందో మాత్రమే చెబుతుంది, జూలైలో మీ ఇంటి వెనక ఎంత తడి ఉంటుందో చెప్పదు. న్యూజెర్సీ, వర్జీనియాల్లో వేసవి వానలకు తోడు స్ప్రింక్లర్లు కూడా రోజూ తిరుగుతుంటే కుంకుమ దుంపలు మట్టిలోనే కుళ్లిపోతాయి. అలాగని అక్కడ పండదని కాదు. పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ వైపు స్థిరపడిన జర్మన్ కుటుంబాలు 18వ శతాబ్దం నుంచీ ఇంటి తోటల్లో పండిస్తూనే ఉన్నారు. అంతకన్నా చల్లటి వెర్మాంట్‌లో అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్లాస్టిక్ క్రేట్లలో మట్టి నింపి, ప్లాస్టిక్ కప్పు ఉన్న గుడారాల కింద పెంచి చూపించారు. మీరూ అదే దారిలో వెళ్లవచ్చు. అడుగు ఎత్తు మడిలోనో, అడుగున కంతలున్న క్రేట్‌లోనో పెట్టండి. స్ప్రింక్లర్ అందని చోటు, ఇంటి చూరు కింద దక్షిణం వైపు గోడ పక్కన అయితే ఇంకా మంచిది. ఆగస్టు, సెప్టెంబరుల్లో, నాలుగు నుంచి ఆరు అంగుళాల లోతున నాటాలి. కొత్త దుంప ఏటా పాతదాని పైన పుడుతూ కొంచెం కొంచెం పైకి వస్తుంది కాబట్టి ఆ లోతు అవసరం. ఆకులు చలికాలమంతా పచ్చగా ఉండి మేలో ఎండిపోతాయి. అప్పటి నుంచి ఆగస్టు దాకా ఒక్క చుక్క నీళ్లు పోయకండి. నాలుగైదేళ్లకోసారి తవ్వి, గుంపుగా పెరిగిన దుంపల్ని విడదీసి మళ్లీ నాటితే పూత తగ్గదు.

కాలిఫోర్నియాలో ఉన్నవారికి ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ చాలాచోట్ల వసంతపు క్రోకస్‌లకు చలి చాలదు, కుంకుమ రకానికి మాత్రం ఆ పొడి వేసవి సరిగ్గా సరిపోతుంది. డ్రిప్ లైను ఆ మడికి ఆపేస్తే చాలు.

దిగుబడి మీద ఆశలు సరిగా పెట్టుకుంటే దీనంత సంతోషమిచ్చే మొక్క లేదు. ఒక గ్రాము ఎండు కుంకుమపువ్వుకు సుమారు 150 పూలు కావాలి. 50 దుంపలు పెట్టి మొదటి ఏడాదే గ్రాము తీయాలనుకోకండి. చిన్న దుంపలు మొదటి ఏడాది అసలు పూయవు. బరువు 8 గ్రాములు దాటిన దుంప అయితేనే పూత ఖాయమని చెప్పవచ్చు, కొనేటప్పుడు అన్నిటికన్నా పెద్ద సైజే అడగండి. పది పూలు పూస్తే ముప్పై పోగులు, ఒక గిన్నెడు పాయసానికి అవి చాలు. దీపావళి సమయంలో మీ పెరటి కుంకుమపువ్వుతో పిల్లలకు పాయసం చేసి పెట్టగలగడం చిన్న విషయం కాదు. పొద్దున్నే, పువ్వు పూర్తిగా విచ్చుకునే వేళకు కోసి, పోగులు తీసి, నీడలో వెచ్చటి చోట ఆరబెట్టి, గాజు సీసాలో మూతపెట్టి ఉంచితే రంగూ వాసనా నిలుస్తాయి.

ఒక హెచ్చరిక

శరదృతువులో పూసే ఇంకో మొక్క ఉంది, కోల్చికమ్. 'ఆటమ్ క్రోకస్' అనీ, 'మెడో శాఫ్రన్' అనీ అమ్ముతారు. చూడటానికి క్రోకస్‌లానే ఉంటుంది, కానీ దాని కుటుంబమే వేరు. దుంప, ఆకు, పువ్వు, గింజ, అన్నిటిలోనూ కోల్చిసిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. మన అడవినాభిలో ఉండే విషమూ అదే, రెండూ ఒకే కుటుంబం మొక్కలు. పువ్వు విప్పి కేసరాలు (పుప్పొడి ఉండే కాడలు) లెక్కపెట్టండి: క్రోకస్‌కు మూడు, కోల్చికమ్‌కు ఆరు. వసంతంలో వచ్చే కోల్చికమ్ వెడల్పాటి ఆకుల్ని అడవి వెల్లుల్లి అనుకుని తిని ఐరోపాలో మనుషులు చనిపోయిన సంఘటనలున్నాయి. ఉడతలూ జింకలూ ముట్టవు కాబట్టి పూల కోసం పెంచుకునేవారు చాలామంది ఉన్నారు. కుంకుమ దుంపలు పెట్టిన పెరట్లో, చిన్నపిల్లలూ కుక్కపిల్లలూ తిరిగే ఇంట్లో మాత్రం ఇది వద్దే వద్దు. సంచి మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు వదిలేసి, కింద చిన్నగా రాసిన శాస్త్రీయ నామం చదివాకే డబ్బులివ్వండి.

టెక్సస్ నుంచి తెలుగునేల దాకా

సియాటిల్ వైపు ఉన్నవారికి వసంతపు రకాలేవైనా పూస్తాయి, నీళ్లు నిలవకుండా చూసుకుంటే చాలు. డాలస్‌లో చలి అంతంతమాత్రం, మట్టి నల్ల బంక. అక్కడ క్రోకస్‌లు మొదటి ఏడాది పూసి తర్వాత తగ్గిపోవడం మామూలే. పెట్టాలనుకుంటే ఎత్తు మడిలో టామీలు పెట్టండి, ఏటా వస్తాయని ఆశించకండి. హ్యూస్టన్, ఫ్లోరిడాల్లో అయితే దీని కోసం డబ్బు పెట్టవద్దు.

హైదరాబాదు, విజయవాడ, విశాఖల నుంచి కూడా క్రోకస్ దుంపల గురించి అడిగేవారు పెరుగుతున్నారు. సూటిగా చెప్పాలంటే నేలలో నాటడానికి కొనవద్దు. వసంతపు రకాలకు పది నుంచి పదిహేను వారాల పాటు 2–9 డిగ్రీల చలి కావాలి. హైదరాబాదులో డిసెంబరు రాత్రి ఎంత చల్లగా ఉన్నా పగలు 28 డిగ్రీలు ఉంటుంది. లంబసింగిలో చలి ఉంది కదా అంటారు. అక్కడా ఆ చలి కొన్ని వారాల రాత్రులకే పరిమితం. పైగా దుంప పొడిగా నిద్రపోవాల్సిన జూన్–సెప్టెంబరు నెలల్లోనే మనకు నైరుతి వానలు. చలి ప్రశ్నలో గట్టెక్కినా వేసవి ప్రశ్న దగ్గర ఆగిపోతుంది.

సరదాగా ఒక్కసారి పూయించి చూడాలంటే దారి ఉంది. దుంపల్ని కాగితపు సంచిలో వేసి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పది పన్నెండు వారాలు ఉంచి, డిసెంబరు చివర కుండీలో పెట్టవచ్చు. ఆ ఫ్రిజ్‌లో ఆపిల్ లాంటి పండ్లు ఉండకూడదు, వాటినుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు లోపలి మొగ్గ చచ్చిపోతుంది. జనవరిలో పూస్తే పూస్తాయి, ఆ తర్వాత ఆ దుంపలు మళ్లీ పనికిరావు. ఇక ఏసీ గదుల్లో కుంకుమపువ్వు సాగు సంగతి. మొగ్గ పైకి లేవడానికి మట్టి కూడా అక్కర్లేదు కాబట్టి, చల్లటి గదిలో ట్రేలలో పూయించడం నిజంగానే సాధ్యం. చిక్కు ఆ తర్వాత వస్తుంది. పూత అయ్యాక ఆ దుంప నాలుగైదు నెలలు చల్లటి వాతావరణంలో, మంచి వెలుతురులో ఆకులు పెంచుకుంటేనే వచ్చే ఏటికి పూసే సైజు పిల్ల దుంపలు వస్తాయి. మన మైదానాల్లో ఫిబ్రవరికే ఎండలు మొదలవుతాయి. ఏటా కశ్మీరు నుంచి కొత్త దుంపలు కొనాల్సి వస్తే లెక్క ఎలా ఉంటుందో, పెట్టుబడి పెట్టేముందే కాగితం మీద వేసుకోండి.

తెలుగునేల మీద క్రోకస్ లాంటి పువ్వే కావాలనుకునేవారికి రెయిన్ లిల్లీని మించింది లేదు. ఇదీ పొట్టి మొక్కే, గడ్డిలాంటి సన్నటి ఆకులు, నేలకు దగ్గరగా విచ్చుకునే ఆరు రేకుల పువ్వు. క్రోకస్ మంచు కరిగితే లేస్తుంది, ఇది వాన పడ్డ నాలుగైదు రోజులకు లేస్తుంది. నర్సరీల్లో చవకే, చాలాసార్లు పక్కింటివాళ్లే గుప్పెడు దుంపలు ఇస్తారు. గులాబీ రంగు రకం అన్నిటికన్నా జోరుగా పెరుగుతుంది, మొదటిసారి అదే తీసుకోండి. తెల్లది తడిని బాగా ఓర్చుకుంటుంది, నీళ్లు త్వరగా ఇంకని మట్టి ఉన్నవారికి అది మేలు. పసుపు రంగు ముచ్చటగా ఉంటుంది, పిలకలు మాత్రం నెమ్మదిగా వేస్తుంది. మే నెలలో, తొలకరికి ముందు, ఎర్రమట్టి, కంపోస్టు, ఇసుక కలిపిన కుండీలో అంగుళమో రెండంగుళాలో లోతున, రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టండి. ఎనిమిది అంగుళాల కుండీకి పది దుంపలు పడతాయి. వానలు వెనకబడితే వారం పది రోజులు ఎండగట్టి, తర్వాత ఒకేసారి నిండుగా నీళ్లు పోస్తే పూత తన్నుకొస్తుంది. దుంప మాత్రం విషపూరితం, మేకలకూ పెంపుడు కుక్కలకూ అందకుండా చూడండి.

పెరట్లో నీడే ఉందంటే భూచంపక చూడండి. ఎండాకాలంలో ఒక్క ఆకూ లేకుండా, తెలుపు ఊదా కలిసిన పువ్వు నేరుగా మట్టిలోంచి వస్తుంది. వానలు పడ్డాక ఆకులు వస్తాయి, చలికాలంలో ఎండిపోతాయి. ఆ ఎండు నెలల్లో కుండీ ఖాళీగా ఉందనుకుని మట్టి మార్చేయకుండా, లోపల దుంప ఉందని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.